మనోచికిత్స విద్య: చేరుటకు ముందు అడుగవలసినవి

సిరిసిల్ల మరమగ్గముల వీధులలోను, ఆదిలాబాదు పత్తి పల్లెలలోను అప్పుల బాధకు తాళలేక ప్రాణములు తీసికొన్నవారి కుటుంబములను పంచాయతీ సభ్యులు ఎరుగుదురు. మనోచికిత్సకుల అవసరమును వారికి మేము వివరింప నక్కరలేదు. అయితే డిగ్రీ ముగించిన బిడ్డను ఈ విద్యలో చేర్పింపదలచి ఒక తండ్రి సలహాకు వచ్చినపుడు ఏమి చెప్పవలెను?

సైకియాట్రిస్టు వైద్యుడు, మందులు వ్రాయును. క్లినికల్ సైకాలజిస్టు రోగితో మాటాడి, పరీక్షించి, క్రమపద్ధతిని చికిత్స చేయును. ఈ రెండవ వృత్తికి సైకాలజీలో ఎం.ఏ. మాత్రమే చాలదు. భారత పునరావాస మండలి గుర్తించిన అర్హత ఉండవలెనని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చెప్పుచున్నది. చిరకాలము ఆ అర్హత రెండేండ్ల ఎం.ఫిల్. విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2022లో ఎం.ఫిల్.ను ఎత్తివేసి, ఈ శాఖలో ప్రవేశములకు మాత్రము 2025-26 వరకు గడువిచ్చినది. కావున అక్క చదివిన కోర్సే చెల్లెలికి దొరకునని తలపరాదు. సైకాలజీని దూరవిద్యగా గాని ఆన్‌లైనులో గాని బోధింపరాదని అదే సంఘము 2025లో ఆదేశించినది. ఇంటనుండియే పట్టము పొందుడను ప్రకటనలను నమ్మి రుసుము కట్టరాదు.

కళాశాలవారిని అడుగవలసినది భవనముల సంగతి కాదు. మండలి గుర్తింపు ఏ కోర్సునకు, ఏ సంవత్సరపు విద్యార్థులకు వర్తించును? రోగులను చూచుట ఏ ఆసుపత్రిలో? పర్యవేక్షించువారెవరు? సూటిగా బదులు రానిచో వేరొక చోటు చూడవలెను. గుర్తింపు పొందిన సంస్థల పట్టిక మండలి వెబ్‌సైటులో గలదు.

బెంగుళూరులో 1954లో అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థగా వెలసి, 1974లో నిమ్‌హాన్స్‌గా మారిన సంస్థ ఈ శిక్షణలో పేరెన్నిక గన్నది. అయినను మాటయే మందైన ఈ విద్యలో రోగి భాష ముఖ్యము. తెలుగు, ఉర్దూ మాటాడు రోగుల నడుమ నేర్చుట మన ప్రాంతమున పనిచేయగోరువారికి మేలని మా అభిప్రాయము. ఉట్నూరు గూడెములలోని తల్లి గోండిలో చెప్పుకొను దుఃఖమును తెలుగులో అంతగా చెప్పుకొనలేదు. గోండి యెరిగిన విద్యార్థి యెవరైన ముందుకు వచ్చినచో సభ్యులు వారిని విడువరాదు.

పూర్తికాలపు చదువు గనుక కొన్నేండ్లు సంపాదన యుండదు. ఉపకారవేతనమునకు కుల, ఆదాయ ధ్రువపత్రములు ప్రవేశమునకు ముందే తీయించుట మంచిది. వీరు చదివి వచ్చులోపల ఊరిలో ఎవరికైన మనోవేదన మిక్కుటమైనచో, 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీమానస్‌కు, 14416 నంబరునకు, ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగులోను మాటాడుదురు.