హిజానత్: ఆపద వేళ బిడ్డ ఎవరి ఒడిలో?

విడాకులు పొందిన ఒక జంట తగాదా ఆ మధ్య మా ముందుకు వచ్చింది. ఇరువైపులవారి అనుమతితోనే దాన్ని ఇక్కడ ప్రస్తావిస్తున్నాం. పేర్లు మాత్రం రాయడం లేదు. తండ్రి ఇల్లు రామంతాపూర్‌లో. తల్లి తార్నాకలో తన తల్లితో ఉంటూ, ఉస్మానియా విశ్వవిద్యాలయం క్యాంపస్‌లో చిన్న ఉద్యోగం చేసుకుంటోంది. బాబుకు ఆరేళ్లు. హబ్సిగూడ మీదుగా వెళితే రెండు ఇళ్ల మధ్య దూరం కొద్ది కిలోమీటర్లే. ప్రతి ఆదివారం తండ్రి వచ్చి బాబును తీసుకువెళ్లేవాడు, మగ్రిబ్ వేళకు తిరిగి దింపేవాడు. ఇద్దత్ ముగిసి రెండేళ్లయినా ఈ ఏర్పాటుకు ఏనాడూ భంగం కలగలేదు.

ఒక రాత్రి బాబు నానీకి పక్షవాతం వచ్చింది. ఆస్పత్రిలో చేర్చారు. పగలూ రాత్రీ పడక దగ్గర ఉండవలసింది కూతురే. ఈ కబురు తెలిసి తండ్రి ఫోన్ చేశాడు. "బాబును మా ఇంటికి పంపించు, మా అమ్మీ చూసుకుంటుంది" అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. తార్నాకలోనే ఉన్న తన అక్క ఇంట్లో బాబును ఉంచింది. "హిజానత్ హక్కు నాది" అన్నది ఆమె మాట. "ఖాలా కంటే దాదీ హక్కు ముందు" అన్నది అతని మాట. మూడో రోజు అతను బడి వదిలే వేళకు గేటు దగ్గర నిలబడి, బాబును బండి ఎక్కించుకుని వెళ్లిపోయాడు. ఖాలా వచ్చేసరికి పిల్లవాడు లేడు. మగ్రిబ్ దాకా అతను ఫోన్ ఎత్తలేదు. తల్లి మాట పడిపోయి మంచం మీద ఉంటే, కొడుకు కనిపించడం లేదన్న కబురు ఆ సోదరికి ఆస్పత్రి వరండాలో అందింది. పోలీసు స్టేషన్‌కు బయలుదేరిన అన్నను ఆమే ఆపి, ముందు మస్జిద్‌కు పంపింది.

పాఠకులారా! ఈ తగాదాలో ఇద్దరూ షరీఅత్ పేరే చెప్పారు. ఇద్దరూ చెప్పిన మస్లాలో కొంత నిజం కూడా ఉంది. మమ్మల్ని ఎక్కువగా బాధించినది అదే. అందుకే ఈ విషయాన్ని కాస్త వివరంగా పరిశీలించదలిచాం.

అరబీలో 'హిజ్న్' అంటే ఒడి, పక్క. బిడ్డను పక్కలో చేర్చుకుని పెంచడమే 'హిజానత్'. బిడ్డ ఆస్తిపాస్తులు, చదువు, వివాహం వంటి వ్యవహారాలపై ఉండే అధికారం వేరు, దాన్ని 'విలాయత్' అంటారు. అది తండ్రిది. బిడ్డ తల్లి దగ్గర పెరుగుతున్నా పోషణ ఖర్చు తండ్రి మీదే ఉంటుంది. ఈ మూడింటినీ కలగాపులగం చేయడం వల్లనే సగం తగాదాలు పుడుతున్నాయి. ఖర్చు పెడుతున్నాను గనుక బిడ్డ నా ఇష్టం అని తండ్రి, బిడ్డ నా దగ్గర ఉన్నాడు గనుక తండ్రికి మాట లేదని తల్లి అనుకుంటారు. రెండూ పొరపాట్లే.

హిజానత్ విషయంలో తల్లికే మొదటి హక్కు అన్న సంగతి హదీసు ద్వారా స్పష్టమవుతోంది. ఒక స్త్రీ దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) సన్నిధికి వచ్చి, తాను మోసి, పాలిచ్చి, ఒడిలో పెంచిన కొడుకును విడాకులిచ్చిన భర్త లాక్కోవాలని చూస్తున్నాడని మొరపెట్టుకుంది. ఆమె మరో వివాహం చేసుకోనంత వరకు ఆమెకే ఎక్కువ హక్కు ఉందని ఆయన తీర్పు చెప్పారు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు అబూ దావూద్ సంకలనంలో ఉంది. హనఫీ ఫిఖ్‌హ్ ప్రకారం మగపిల్లవాడు ఏడేళ్ల వరకు, ఆడపిల్ల యుక్తవయసు వరకు తల్లి దగ్గర ఉంటారు. ఆడపిల్ల విషయంలో తరువాతి ఉలమాలు తొమ్మిదేళ్లని ఫత్వా ఇచ్చారు. మాలికీ మజ్‌హబ్‌లో ఈ గడువు ఇంకా ఎక్కువ. షాఫయీ మజ్‌హబ్‌లో తెలివి వచ్చిన పిల్లవాడినే ఎవరి దగ్గర ఉంటావని అడుగుతారు.

ఆ ఎంపిక గురించి ఒక ముచ్చట. ఇమామ్ ఇబ్నుల్ ఖయ్యిమ్ తన 'జాదుల్ మఆద్' గ్రంథంలో ఒక సంఘటన ప్రస్తావించారు. ఖాజీ అడిగితే పిల్లవాడు తండ్రిని ఎంచుకున్నాడు. ఎందుకో అడగండి అని తల్లి పట్టుబట్టింది. అమ్మ రోజూ చదువుకు పంపుతుందనీ, అక్కడ అయ్యవారు కొడతాడనీ, నాన్న ఆడుకోనిస్తాడనీ పిల్లవాడు దాచకుండా చెప్పేశాడు. ఖాజీ బిడ్డను తల్లికే అప్పగించాడు! ధర్మవేత్తల దృష్టి ఎప్పుడూ బిడ్డ మేలు మీదే నిలిచి ఉందనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏముంటుంది?

ఇక ఆ తండ్రి వాదన. తల్లి లేనప్పుడు హిజానత్ ఎవరికి చెందుతుంది? హనఫీ గ్రంథాల్లో వరుస ఇలా ఉంది: ముందు నానీ, ఆ తరువాత దాదీ, ఆ తరువాత అక్కచెల్లెళ్లు, ఆ తరువాతే ఖాలా. నానీయే ఆస్పత్రి మంచం మీద ఉంది గనుక దాదీ వంతు వచ్చిందని అతని లెక్క. పుస్తకంలో వరుస చూస్తే అతను చెప్పింది తప్పు కాదు. అయితే ఆ వరుస తల్లి హక్కు పోయినప్పుడు మొదలవుతుంది. ఆమె మరణించినా, పరాయి పురుషుణ్ణి వివాహమాడినా, పెంచే శక్తి కోల్పోయినా ఆ ప్రస్తావన వస్తుంది. కన్నతల్లికి సేవ చేయడానికి నాలుగు రోజులు ఆస్పత్రిలో కూర్చున్న స్త్రీకి ఇందులో ఏది వర్తిస్తుంది? బిడ్డ ఆలనాపాలనా గాలికి వదిలేసి అదే పనిగా బయట తిరిగే స్త్రీ గురించి అల్లామా ఇబ్నె ఆబిదీన్ 'రద్దుల్ ముహ్తార్'లో చర్చించారు. కానీ ఈమె బిడ్డను గాలికి వదల్లేదు, సొంత అక్కకు అప్పగించింది.

ఖాలా స్థానం తక్కువదేమీ కాదు. హిజ్రీ 7వ సంవత్సరంలో దైవప్రవక్త (స) ఉమ్రా ముగించుకుని మక్కా నుండి బయలుదేరుతుండగా, ఉహుద్‌లో షహీద్ అయిన హజ్రత్ హమ్జా (రజి) కూతురు వెంటపడి వచ్చింది. ఆ అమ్మాయిని పెంచే భాగ్యం తనకే కావాలని హజ్రత్ అలీ, హజ్రత్ జాఫర్, హజ్రత్ జైద్ (రజి) ముగ్గురూ పోటీపడ్డారు. జాఫర్ (రజి) ఇంట్లో ఆ అమ్మాయి ఖాలా ఉంది. ఖాలా తల్లితో సమానమని చెప్పి దైవప్రవక్త (స) ఆ ఇంటికే పంపారు. బుఖారీలో ఉన్న ఈ ఉల్లేఖనంలో మరో సంగతి ఉంది. తీర్పు చెప్పి ఊరుకోక, ఆయన ఆ ముగ్గురినీ ఒక్కొక్కరిగా మంచి మాటతో సంతోషపరిచారు. బిడ్డ దక్కని వాళ్ల మనసు కూడా ఆయన చూశారు.

కానీ ఈ మస్లాలో మాకు అన్నిటికంటే ముందు గుర్తుకొచ్చింది హజ్రత్ ఉమర్ (రజి) ఉదంతం. ఇమామ్ మాలిక్ 'మువత్తా'లో ఉంది. ఉమర్ (రజి) అన్సారీ మహిళ ఒకామెను వివాహమాడారు. ఆసిమ్ అనే కొడుకు పుట్టాడు. తరువాత విడాకులయ్యాయి. ఒకరోజు ఖుబాకు వెళ్లినప్పుడు, మస్జిద్ ఆవరణలో కొడుకు ఆడుకుంటూ కనిపించాడు. చెయ్యి పట్టుకుని తన వాహనం మీద ఎక్కించుకున్నారు. అమ్మమ్మ పరుగున వచ్చి అడ్డుకుంది. నా బిడ్డ అంటే నా బిడ్డ అనుకుంటూ ఇద్దరూ ఖలీఫా హజ్రత్ అబూబక్ర్ (రజి) దగ్గరికి వెళ్లారు. బిడ్డను ఆమెకే వదిలెయ్యమని ఆయన ఉమర్‌తో అన్నారు. ఉమర్ (రజి) మారు మాట్లాడలేదు.

ఆయన ఎవరో ఒక్కసారి ఆలోచించండి. ఖలీఫాకు కుడిభుజం వంటివారు. ఎవరికీ తలవంచని మనిషి. కన్నకొడుకు మీద ప్రేమతోనే చెయ్యి వేశారు, అందులో సందేహం లేదు. అయినా తీర్పు వినగానే తగ్గారు. ఈ ఆసిమ్ కూతురి కడుపునే ఖలీఫా ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ పుట్టారు. అమ్మమ్మ దగ్గర వదిలినందుకు ఆ బిడ్డ తండ్రికి దూరమూ కాలేదు, ఆ వంశానికి లోటూ రాలేదు. రామంతాపూర్ సోదరుడికి మేము ఈ ఉదంతం చదివి వినిపించాం. బండి ఎక్కించుకుపోయిన దగ్గర ఆయన తల దించుకున్నాడు.

అయితే తప్పంతా అతని మీదే వేయడం న్యాయం కాదు. అల్ బఖర సూరా 233వ ఆయత్‌లో అల్లాహ్ పాలిచ్చే కాలాన్ని రెండేళ్లుగా పేర్కొని, బిడ్డ కారణంగా తల్లినీ బాధించరాదు, తండ్రినీ బాధించరాదు అన్న భావాన్ని ఒకే చోట ప్రకటించాడు. పాలు మాన్పించాలన్నా ఇద్దరూ ఇష్టపడి, ఒకరితో ఒకరు సంప్రదించుకోవాలన్నాడు. విడాకుల ఆయతుల నడుమ ఈ మాట రావడం గమనార్హం. అత్తలాఖ్ సూరా 6వ ఆయత్‌లో విడిపోయిన వారినే ఉద్దేశించి, బిడ్డకు పాలు పట్టే విషయంలో మంచి పద్ధతిలో మాట్లాడుకోమని ఆదేశించాడు. ఇద్దరికీ పొసగకపోతే మరో స్త్రీ పాలిస్తుందని కూడా చెప్పాడు. పంతాల మధ్య బిడ్డ ఆకలితో ఉండకూడదన్నదే ఇందులోని మర్మమని మేము అర్థం చేసుకున్నాం. పాల విషయానికే ఇంత సంప్రదింపు ఉంటే, నానీ ప్రాణాపాయంలో ఉన్న రాత్రి బాబు ఎక్కడ పడుకోవాలన్న దానికి ఒక్క ఫోన్ మాటలో 'కుదరదు' అని తేల్చడం ఎంతవరకు సబబు?

ఆ సోదరిని ఇదే అడిగాం. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి, "ఒకసారి పంపితే ఇక తిరిగి రాడని భయం వేసింది మౌలానా సాబ్" అన్నది.

ఈ భయాన్ని తేలికగా కొట్టిపారేయలేం. కొద్ది రోజుల ఏర్పాటు శాశ్వతమైపోతుందన్న భయం తల్లులకే కాదు, తండ్రులకూ ఉంటుంది. అమెరికాలో స్థిరపడిన ఒక తెలుగు జంట వివాదంలో, 2017లో తల్లి పిల్లలిద్దరితో హైదరాబాద్ వచ్చి, ఇక్కడి ఫ్యామిలీ కోర్టులో కస్టడీ కోసం దావా వేసింది. తగాదా సుప్రీం కోర్టు దాకా వెళ్లింది. పిల్లలను అమెరికాకు తిరిగి తీసుకువెళ్లాలని 2019 మార్చిలో తీర్పు వచ్చింది. రెండేళ్లు ఆ పసివాళ్లు ఎవరి మధ్య నలిగారో చెప్పనక్కరలేదు. మన దేశంలో 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం ప్రకారం కోర్టులు ముందుగా చూసేది మైనరు సంక్షేమమే. బడి గేటు దగ్గర ఎవరు ముందుగా చేరుకున్నారన్న దాన్ని బట్టి తీర్పులు రావు.

ఆ సోదరి భయానికి ఫిఖ్‌హ్‌లోనే మందు ఉంది. హనఫీ ఉలమాల ప్రకారం, తల్లి తన హిజానత్ హక్కును వదులుకున్నా తరువాత మళ్లీ కోరవచ్చు. పూర్తిగా వదులుకున్న తల్లికే ఆ అవకాశం ఉన్నప్పుడు, నాలుగు రాత్రులు దాదీ దగ్గర పడుకోబెట్టినందుకు హక్కు ఎలా పోతుంది? అలాగే బిడ్డ ఎవరి దగ్గర ఉన్నా, రెండోవారు చూడకుండా ఆపే అధికారం ఎవరికీ లేదు. 2020లో లాక్‌డౌన్ వల్ల తల్లిదండ్రులు బిడ్డలను కలుసుకోలేకపోయినప్పుడు, ఒప్పందంతో ఫోన్, వీడియో ద్వారా మాట్లాడించుకోవచ్చని సుప్రీం కోర్టు కూడా సూచించింది. ఆపదలో దారి మారవచ్చు, బంధం తెగకూడదు.

ఆ రాత్రి ఇలా తేల్చాం. తండ్రి బాబును వెంటనే తార్నాకకు తీసుకువెళ్లి ఖాలాకు అప్పగించాలి, ఆస్పత్రికి వెళ్లి తల్లికి క్షమాపణ చెప్పాలి. అతను రెండూ చేశాడు. మర్నాడు ఆమే ఫోన్ చేసి, రాత్రిళ్లు రామంతాపూర్‌లో దాదీ దగ్గర, బడి వదిలాక సాయంత్రం దాకా ఖాలా దగ్గర ఉంచుదామన్నది. నానీ ఇంటికి వచ్చే రోజు వరకు అలాగే జరిగింది. ఆస్పత్రి బిల్లులో కొంత అతను కట్టబోతే ఆమె తీసుకోలేదు. అది అతని బాధ్యతా కాదు గనుక మేము జోక్యం చేసుకోలేదు. బాబు ఖర్చు మాత్రం ఎక్కడ పడుకున్నా తండ్రిదే.

అప్పు ఇచ్చిపుచ్చుకుంటేనే రాసుకోమని ఖుర్‌ఆన్ ఆదేశించింది. బిడ్డ విషయం అప్పు కంటే చిన్నదా? అందుకని ఇద్దరిచేతా ఒక కాగితం రాయించాం. బడి నుండి బాబును తీసుకెళ్లగలవారు ఎవరెవరో అందులో ఉంది, ఆ పేర్లు బడిలో కూడా ఇచ్చారు. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే ముందుగా రెండోవారికి చెప్పాలి. తాత్కాలికంగా పంపిన బిడ్డను ఏ రోజు, ఏ వేళకు తిరిగి దింపుతారో పంపే ముందే అనుకోవాలి. ఫోన్ ఎత్తకుండా ఉండకూడదు. అన్నిటికంటే ఎక్కువసేపు వాదించుకున్నది ఈ చివరి మాట మీదే!

సంతకాలు అయ్యాక ఆ సోదరి కాగితం మళ్లీ అడిగి తీసుకుంది. మేము చెప్పని ఒక వాక్యం తన చేత్తోనే కింద చేర్చింది. రామంతాపూర్ దాదీకి ఒంట్లో బాగోలేకపోతే బాబును చూపించడానికి ఆదివారం దాకా ఆగనక్కరలేదని రాసింది.