విన్న పిమ్మట

మనుష్యునకు అభిప్రాయములుండుట సహజము. అవి తప్పని తెలిసినపుడు మార్చుకొనుటయే కష్టము. ఈ సంగతిని నేను నా ముదిమిలో, నా మనుమని వలన తెలిసికొంటిని.

మా నివాసము హైదరాబాదులోని చంపాపేట. పల్లెలో పుట్టి, తెలుగు పండితుడనుగా పనిచేసి, ఇక్కడ స్థిరపడితిని. ప్రతి శనివారము కర్మన్‌ఘాట్ హనుమంతుని గుడిలో భజన వినుట నాకు అలవాటు. త్యాగరాజ కీర్తన యన్న చెవి కోసికొందును.

నా మనుమడు గిటారు నేర్చుకొనుచుండెను. హైదరాబాదులో యువజనులు మిక్కిలి మెచ్చుకొను 'చౌరస్తా' బ్యాండు పాటలనే వాడు ఎల్లప్పుడు సాధన చేయుచుండెడివాడు. ఒకనాడు నేను కోపించి, "ఇదియా సంగీతము? ఇది చెవులకు శిక్ష! తెలుగు పాటకు ఈ రొద యేల?" అంటిని. వాడు బదులు పలుకలేదు. గిటారును గుడ్డలో చుట్టి అటకపై పెట్టెను. అది మొదలు మా యింట పాట వినబడలేదు. నేను గెలిచితిననుకొంటిని. నిజమునకు, ఆ బృందము పాటను ఒక్కదానినైనను తుదివరకు వినియుండలేదు.

2020వ సంవత్సరము మార్చి నెలలో, కరోనా వ్యాధి వ్యాపించుటచే, జనులు ఇండ్లకే పరిమితులైరి. మా వీధికి కూరగాయల బండి వచ్చినపుడు మాత్రము అందరు గుమిగూడెడివారు. దూరముగా నిలువుడని నేనెంత చెప్పినను వినువారు లేరైరి. ఒకనాడు బండివాడు తన ఫోనులో ఒక పాట పెట్టెను. చేతులు కలుపవద్దని, జాగ్రత్తగా నుండుమని, జానపదుల బాణీలో ఎవరో హెచ్చరించుచుండిరి. ప్రతి మాటయు స్పష్టముగా తెలియుచుండెను. చేయి చాపబోయిన యొక పిల్లవాడు నవ్వి, వెనుకకు జరిగి నమస్కరించెను. నా ఉపన్యాసములు చేయలేని పనిని ఆ పాట చేసెను.

"ఎవరిదోయి యీ పాట?" అని అడిగితిని.

"చౌరస్తా వారిది, సారూ! పాడినవాడు రామ్ మిరియాల" అని వాడు చెప్పెను.

నాకు నోట మాట రాలేదు. ఆ రాత్రి మనుమని చెంత కూర్చుండి ఆ బృందపు పాటలు వింటిని. కొన్ని నాకు రుచింపలేదు. కాని 'ఊరెళ్ళిపోతా మామా' అను పాట వినునపుడు, పల్లె విడిచి వచ్చిన నా కన్నులు చెమర్చెను.

అప్పుడు మనుమడొక కథ చెప్పెను. ఇంగ్లండులో బీటిల్సు అను ప్రసిద్ధ బృందముండెడిది. అందలి జార్జి హారిసన్ 1966లో మన దేశమునకు వచ్చి, రవిశంకర్ కడ సితారు అభ్యసించెను. 1971 ఆగస్టు 1వ తేదీన న్యూయార్కులో, బంగ్లాదేశ్ శరణార్థుల సహాయార్థము వారు కచేరి చేసిరి. రవిశంకర్ బృందము శ్రుతి చేసికొనుచుండగా, అదియే గానమని భ్రమించి సభికులు కరతాళధ్వనులు చేసిరి. శ్రుతియే యింత నచ్చినచో వాదనము మరింత నచ్చుననుకొందునని ఆయన చమత్కరించెను.

ఈ కథ విని నేను చింతించితిని. ఆ సభికులు వినకయే మెచ్చిరి. నేను వినకయే నిందించితిని. రెండును ఒక్క దోషమే. మెచ్చుటకైనను, నిందించుటకైనను, తుదివరకు విన్నవానికే అధికారము కలదు.

మరునాడు గిటారును నేనే అటకనుండి దింపితిని. దాని తీగలు తుప్పుపట్టియుండెను. "వినకయే తీర్పు చెప్పితిని, నాయనా! తప్పు నాది" అంటిని. వాడు కొంతసేపు మాటలాడలేదు. పిదప తీగలు తుడిచి శ్రుతి చేయ నారంభించెను.

ఈసారి పాట ముగియువరకు నేను కదలలేదు.