కీళ్లవాతం మందులు: చేయవలసినవి, చేయకూడనివి

పొద్దున లేవగానే చేతివేళ్ల కీళ్లు, మణికట్లు వాచి, బిగుసుకుపోయి, గంటకు గానీ వదలడం లేదా? వయసు నొప్పులని సరిపెట్టుకోకండి. అది రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాతం కావచ్చు. మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే కీళ్ల లోపలి పొర మీద దాడి చేయడం ఈ జబ్బు. ముప్పై, నలభై ఏళ్ల వారికీ వస్తుంది, ఆడవారిలో ఎక్కువ. నొప్పి బిళ్ల బాధను తగ్గిస్తుందే గానీ కీలు దెబ్బతినడాన్ని ఆపలేదు. ఆ పని చేసేది మెథోట్రెక్సేట్ వంటి మందులు. వాటిని సరిగ్గా వాడితేనే మేలు.

చేయవలసినవి

• వాపు కొన్ని వారాలైనా తగ్గకపోతే రుమటాలజిస్టును కలవండి. రక్తపరీక్షలో ఆర్.ఎ. ఫ్యాక్టర్ నెగటివ్ వచ్చినా జబ్బు ఉండవచ్చు.

• మెథోట్రెక్సేట్ బిళ్లలు వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. ఏ రోజో మందు చీటీ మీద తెలుగులో రాయించుకోండి. ఇంట్లో మందులు అందించేవారికీ చెప్పండి.

• మెథోట్రెక్సేట్‌తో పాటు ఇచ్చే ఫోలిక్ యాసిడ్‌ను డాక్టరు చెప్పిన రోజుల్లో తప్పక వేసుకోండి.

• రక్తకణాలు, కాలేయం, కిడ్నీల పరీక్షలు చెప్పిన గడువుకు చేయించుకోండి. ఈ జబ్బుకే ఇచ్చే హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మందు వాడేవారికి కంటి పరీక్షలూ అవసరం.

• ఓపిక పట్టండి. గుణం కనిపించడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది.

చేయకూడనివి

• మెథోట్రెక్సేట్‌ను రోజూ వేసుకోవద్దు. ఎముక మజ్జ దెబ్బతిని రక్తకణాలు పడిపోతాయి, ప్రాణానికే ముప్పు. పొరపాటున వేసుకుంటే, బాగానే ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

• గర్భిణులు మెథోట్రెక్సేట్ వాడకూడదు. పిల్లలు కావాలనుకుంటే ముందుగానే డాక్టరుకు చెప్పండి.

• పేరు లేని పొడులు, బిళ్లలు వాడవద్దు. రెండు రోజుల్లో నొప్పి మాయమైందంటే అందులో స్టెరాయిడ్ కలిపి ఉండవచ్చు.

• ఎన్నాళ్లుగానో వాడుతున్న స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా మానేయవద్దు.

• మందుల షాపులో అడిగి నొప్పి బిళ్లలు, యాంటీబయాటిక్స్ తెచ్చుకోవద్దు. కోట్రైమోక్సజోల్ అనే యాంటీబయాటిక్‌ను మెథోట్రెక్సేట్‌తో కలిపి వాడడం చాలా ప్రమాదం.

• మద్యం, పొగ వద్దు. మద్యంతో కాలేయానికి చేటు, పొగతో జబ్బు ముదురుతుంది.

ఆలస్యం చేయకండి

జ్వరం, నోటిలో పుండ్లు, ఒంటి మీద కమిలిన మచ్చలు, కొత్తగా పొడిదగ్గు, ఆయాసం – వీటిలో ఏది కనిపించినా మెథోట్రెక్సేట్ తర్వాతి మోతాదు వేసుకోకుండా, మందు చీటీతో అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లండి.