ఒంట్లోని నొప్పి మందు పనిచేయడం మానేసిందా?

ప్రశ్న: నా వయసు 58. రెండు మోకాళ్లూ అరిగాయన్నారు. ఆరేళ్లుగా నొప్పి. రోజూ ట్రమడాల్ బిళ్ల వేసుకుంటున్నాను. నొప్పి తగ్గించే మందు మన ఒంట్లోనే తయారవుతుందని చదివాను. నాలో అది అయిపోయిందా? ఎక్స్‌రేలో నాకంటే ఎక్కువ అరుగుదల ఉన్న మా తోడికోడలు హాయిగా తిరుగుతోంది.
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: అయిపోలేదమ్మా. మీరు చదివింది నిజమే. 1975లో స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో హ్యూస్, కోస్టర్లిట్జ్ అనే శాస్త్రవేత్తలు పంది మెదడు నుంచి ఎన్‌కెఫలిన్లు అనే సహజ నొప్పి మందులను గుర్తించారు. నల్లమందులోని మార్ఫిన్ ఏ రిసెప్టర్ల (కణాల మీద మందు అతుక్కునే చోట్ల) మీద పనిచేస్తుందో ఇవీ వాటి మీదే పనిచేస్తాయి. ఎండార్ఫిన్లూ ఈ కోవలోనివే. ఇవి వెన్నుపాములోనూ మెదడులోనూ నొప్పి సంకేతాన్ని తగ్గిస్తాయి.

నొప్పి ఏళ్ల తరబడి ఉంటే మెదడు ఊరుకోదు. మాంచెస్టర్ విశ్వవిద్యాలయం వారు కీళ్లనొప్పులున్నవారి మెదళ్లను పెట్ స్కాన్‌తో పరిశీలించి 2015లో ఫలితాలు ప్రకటించారు. నొప్పి తీవ్రంగా ఉన్నవారి మెదడులో ఈ రిసెప్టర్లు ఎక్కువగా కనిపించాయి. రిసెప్టర్లు ఎక్కువున్నవారు చర్మానికి లేజర్ వేడి తగిలించినప్పుడు ఎక్కువ ఓర్చుకోగలిగారు. చిన్న అధ్యయనమే అయినా నాకు చాలా విలువైనదిగా తోస్తుంది. అయితే అన్ని నొప్పులూ ఒకటి కావు. ఒళ్లంతా నొప్పులుండే ఫైబ్రోమయాల్జియాలో మందుకు దొరికే రిసెప్టర్లు తగ్గినట్టు 2007లో తేలింది.

ఎక్స్‌రే ఎముకను చూపిస్తుంది, బాధను కాదు. నిద్ర, దిగులు, తొడ కండరాల బలం, మెదడులోని ఈ ఏర్పాటు అన్నీ కలిసి నొప్పి ఎంతో తేలుస్తాయి. మీ తోడికోడలితో పోల్చుకుని కుంగిపోకండి. మీ నొప్పి నిజమైనదే.

ఇక ట్రమడాల్. దీర్ఘకాలం వాడితే శరీరం దానికి అలవాటుపడొచ్చు, మోతాదు పెంచాల్సి రావచ్చు. కొందరిలో నొప్పి ఇంకా ఎక్కువగా తెలుస్తుంది కూడా. అలాగని ఒక్కసారిగా ఆపకూడదు. డాక్టర్ సలహాతో మెల్లగా తగ్గించుకోవాలి. దాని బదులు దుకాణంలో అడిగి డైక్లోఫెనాక్ లాంటివి రోజూ మింగితే కడుపులో పుండ్లు పడొచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు.

మోకాళ్ల అరుగుదలకు మొదటి మందు వ్యాయామమే. కుర్చీలో కూర్చుని కాలు నిటారుగా చాచి కొన్ని క్షణాలు ఉంచి దించండి. చదునైన నేల మీద నడవండి, బరువు ఎక్కువుంటే తగ్గండి. వ్యాయామంతో తొడ కండరం బలపడి కీలు మీద భారం తగ్గుతుంది, ఒంట్లోని నొప్పి మందూ విడుదలవుతుంది. మొదటి వారాల్లో కాస్త నొప్పి పెరిగినా మానకండి. మోకాలు ఎర్రగా వాచి జ్వరం వస్తే మాత్రం ఆ రోజే డాక్టర్‌కు చూపించండి.