తోబియా వెంట నడిచిన కుక్క



మొయినాబాద్ వైపు ఒక పల్లెలో ఆదివారం పూజ తరువాత పిల్లలకు సత్యోపదేశం చెబుతుంటాను. ఒక ఆదివారం పాఠం పరలోకాన్ని గూర్చి. పాఠం ముగిసే వేళకు చివరి వరుసలోని పదేళ్ళ బాబు లేచి, "సార్, మా మోతి ఏసయ్య దగ్గరికి పోయిందా?" అని అడిగాడు. మోతి ఎవరంటే, "మా కుక్క" అన్నాడు. పిల్లలందరూ గొల్లున నవ్వారు. నాకూ నవ్వు వచ్చింది. "కుక్కలకు మనలాంటి ఆత్మ ఉండదు నాయనా, కూర్చో" అని చెప్పి ముగింపు ప్రార్థన మొదలుపెట్టాను. ఆ తరువాత మూడు ఆదివారాలు ఆ బాబు తరగతికి రాలేదు.

నాలుగో వారం వాళ్ళ ఇంటికి వెళ్ళాను. వాళ్ళది ఒక పూలతోటలో కాపలా కాసే కుటుంబం. నాయనమ్మ నన్ను మంచం మీద కూర్చోబెట్టి మెల్లగా చెప్పింది: "గేటు ఏసుడు మర్చిపోయిన, నా వల్లనే మోతి సచ్చిపోయిందని రాత్రిల్లు లేసి ఏడుస్తుండు సారూ. అన్నం సుత సక్కగ తింటలేడు." తెరిచిన గేటులోనుండి కుక్క పెద్ద రోడ్డు మీదికి పరుగెత్తింది. లారీ కింద పడింది.

నాకు సిగ్గు వేసింది. ఆ పసివాడు నన్ను అడిగింది కుక్క ఆత్మను గూర్చి కాదు. "నన్ను ఎవరైనా క్షమిస్తారా?" అని అడిగాడు. నేను వినలేదు.

"మనుషులే పోతుంటే కుక్క కోసం ఏడ్పేమిటి?" అని కొందరు అంటారు. ఈ మాటను తేలికగా తీసివేయలేము. మొయినాబాద్ నుండి చేవెళ్ళ మీదుగా వికారాబాద్ వైపు పోయే ఆ మర్రిచెట్ల రోడ్డు ఎన్నో ఇళ్ళలో దీపాలు ఆర్పింది. 2025 నవంబరు 3న చేవెళ్ళ మండలం మీర్జాగూడ వద్ద కంకర టిప్పరు, ప్రయాణికుల బస్సు ఢీకొని సుమారు 20 మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ కుటుంబాల దుఃఖం పక్కన కుక్క కోసం పడే దుఃఖాన్ని సమానంగా పెట్టడానికి వీలులేదు. పెట్టకూడదు కూడా. అయితే చిన్న దుఃఖం చిన్నదైనంత మాత్రాన అబద్ధం కాదు. పెద్ద గాయం ఉన్నవాడికి కట్టు కడుతూ, చిన్న గాయం ఉన్నవాడిని చూసి నవ్వే వైద్యుడు ఉంటాడా?

పవిత్ర గ్రంథం ఈ చిన్న ప్రేమను ఎగతాళి చేయలేదు. దావీదు రాజు పాపాన్ని ఎత్తిచూపడానికి నాతాను ప్రవక్త ఒక పేదవాని కథ చెప్పాడు (2 సమూవేలు 12). ఆ పేదవానికి ఒకే ఒక గొర్రెపిల్ల. అతని పిల్లలతో పాటే పెరిగింది. అతని కంచంలో తిన్నది, ఒడిలో పడుకున్నది, కూతురులా ఉన్నది. ధనవంతుడు దానిని లాక్కొని విందుకు వండించాడు. ఇది విని దావీదు కోపంతో మండిపడ్డాడు. ప్రవక్త చెప్పదలచుకున్నది ఊరియాకు జరిగిన అన్యాయాన్ని గూర్చి. కాని ఒక మూగజీవి మీద పేదవానికి ఉన్న మమకారం ఎవరికైనా అర్థమవుతుందని నమ్మాడు కాబట్టే ఆ కథను ఎన్నుకున్నాడు.

తోబీతు గ్రంథంలో ఒక కుక్క ఉన్నది. యువకుడు తోబియా రఫాయేలు దూతతో కలసి దూరప్రయాణానికి బయలుదేరినప్పుడు అది వెంట నడిచింది. తిరిగి ఇల్లు చేరే వేళ మరల దాని ప్రస్తావన వస్తుంది. దానికి పేరు లేదు. అది చేసిన ఘనకార్యం ఏదీ వ్రాయబడలేదు. వెంట నడిచింది, వెంటే తిరిగి వచ్చింది, అంతే. మన ఇంటి కుక్క చేసిన మేలు కూడా అదే కదా! దేవదూత తోడుగా ఉన్న ప్రయాణంలో కూడా ఒక కుక్కకు చోటు దొరికింది.

మరి శ్రీసభ ఏమి బోధిస్తుంది? 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం 2415 నుండి 2418 వరకు గల అంశాలలో దీనిని వివరిస్తుంది. జంతువులు దేవుని సృష్టి. తమ ఉనికితోనే అవి సృష్టికర్తను స్తుతిస్తాయి. వాటిని దయతో చూడాలి, నిష్కారణంగా హింసించడం మానవ గౌరవానికే విరుద్ధం. పునీత అస్సీసి ఫ్రాన్సిస్, పునీత ఫిలిప్ నేరి వాటిని ఎంత మృదువుగా చూశారో గుర్తు చేసుకోమంటుంది. దానితో పాటే ఒక హెచ్చరిక కూడా చేస్తుంది: జంతువులను ప్రేమించవచ్చు, కాని మనుషులకు మాత్రమే చెందవలసిన ప్రేమను వాటికి మళ్ళించరాదు.

పరలోకం సంగతి? 2014 డిసెంబరులో, జంతువులు కూడా పరలోకానికి వెళతాయని పోపు ఫ్రాన్సిస్ గారు ఒక పిల్లవానితో అన్నారని ప్రపంచమంతటా పత్రికలు వ్రాశాయి. అది పొరపాటు వార్త అని తరువాత తేలింది. కాని 2015లో వెలువరించిన 'లౌదాతో సీ' అనే విశ్వలేఖలో (243) ఆయన ఒక నిరీక్షణను మన ముందుంచారు. నిత్యజీవంలో ప్రతి సృష్టి ప్రకాశవంతంగా రూపాంతరం చెంది తన స్థానాన్ని పొందుతుందని దాని సారాంశం. పునీత పౌలు కూడా రోమీయులకు వ్రాసిన లేఖ 8వ అధ్యాయంలో సృష్టి యావత్తు విమోచన కోసం మూలుగుతూ ఎదురుచూస్తున్నదని చెబుతాడు. ఆ మహిమలో మన మోతి ఉంటుందా, ఎలా ఉంటుంది అన్నది ప్రభువు మనకు చెప్పలేదు. ఆయన చెప్పనిదానిని ఉన్నదని గాని, లేదని గాని నేను ఆ బాబుకు చెప్పకూడదు. రెండు కాసులకు అమ్ముడుపోయే అయిదు పిచ్చుకలలో ఒక్కదానినైనా దేవుడు మరువడని యేసు ప్రభువు అన్నాడు (లూకా 12). ఇది మాత్రం ధైర్యంగా చెప్పవచ్చు. ఆ వెంటనే, అనేక పిచ్చుకల కంటే మీరు విలువైనవారని కూడా అన్నాడు. ఈ రెండు మాటలను కలిపే పట్టుకోవాలి.

ఇంటి కుక్క చనిపోయినప్పుడు మనం చేయవలసినవి కొన్ని:

1. ఏడ్పు వస్తే ఏడవండి. పిల్లలను నవ్వులపాలు చేయకండి. "ఇంకొకటి తెస్తాలే" అని వెంటనే నోరు మూయించకండి.

2. కళేబరాన్ని రోడ్డు పక్కన, చెరువులో పడవేయకండి. లోతుగా గుంట తీసి పాతిపెట్టండి. దానికి అంత్యక్రియల పూజ ఉండదు. కాని ఇంటివారంతా నిలబడి, ఆ జీవిని ఇచ్చిన దేవునికి కృతజ్ఞత చెప్పడంలో తప్పేమీ లేదు.

3. చనిపోయే ముందు పిచ్చిలక్షణాలు కనబడితే వట్టి చేతులతో తాకకండి, పశువైద్యునికి తెలపండి. అది ఎవరినైనా కరిచి ఉన్నా, గాయం మీద నాకి ఉన్నా, ఆ చోటును సబ్బుతో, ధారగా పోసే నీటితో 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్ళి టీకా వేయించుకోండి. రేబీస్ ఒకసారి బయటపడితే ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం.

4. అజాగ్రత్త జరిగి ఉంటే ప్రభువుతో నిజం చెప్పండి. మరచిపోవడం వేరు, క్రూరత్వం వేరు. ప్రభువు క్షమించిన తరువాత కూడా మనల్ని మనమే శిక్షించుకుంటూ ఉండడం భక్తి కాదు.

5. మిగిలిన ప్రేమను లోపల మురగనీయకండి. ధనవంతుని వాకిట పడివున్న లాజరు కథలో (లూకా 16) అతని పుండ్లను కుక్కలు నాకాయి. ఇంటి యజమాని మాత్రం పట్టించుకోలేదు. కుక్క కోసం కన్నీరు కార్చిన మనం, మన వాకిట ఉన్న మనిషిని దాటిపోతే ఆ కన్నీటికి ఫలమేమిటి?

ఆ రోజు పూలతోటలో బాబు పక్కన కూర్చుని ముందు నేనే క్షమాపణ అడిగాను. "నీ ప్రశ్నకు నవ్వడం తప్పు నాయనా" అన్నాను. తరువాత, గేటు మరచిపోవడం పొరపాటే గాని చంపడం కాదని, యేసు ప్రభువుకు వాడి మనసు తెలుసునని చెప్పాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "మోతి యాదికుంటదా దేవునికి?" అని అడిగాడు. "ఆయన దేనినీ మరువడు" అన్నాను. మోతిని పాతిన చోట, మల్లెసాళ్ళ చివర, ముగ్గురం నిలబడి పరలోక జపం చెప్పాము.

తరువాతి ఆదివారం వాడు తరగతికి వచ్చాడు. ఇప్పుడు వాళ్ళ గేటు బయట ఒక మట్టి తొట్టిలో నీళ్ళుంటాయి. దారినపోయే కుక్కలు తాగుతాయి. గేటు మాత్రం ఎప్పుడూ గొళ్ళెం వేసే ఉంటుంది.

ఈ వారం మన ధ్యానానికి: మన ఇంట్లో ఎవరి దుఃఖాన్ని "ఇంత చిన్నదానికా?" అని కొట్టివేశాము? వారి దగ్గరికి వెళ్ళి ఒక్కసారి వినగలమా?

ప్రార్థన: సృష్టికర్తవైన సర్వేశ్వరా, మా వాకిట కాపలా కాసి, మా అడుగుల వెంట నడిచిన మూగజీవులను మాకిచ్చినందుకు నీకు స్తోత్రము. వాటిపట్ల మేము చేసిన లోపములను క్షమించుము. వాటి వలన మేము నేర్చిన ప్రేమను మా పొరుగువారికి పంచే మనసునిమ్ము. మా ప్రభువైన యేసుక్రీస్తు ద్వారా ప్రార్థించుచున్నాము. ఆమెన్.