చెయ్యి పట్టుకుని చూడండి

బస్తర్‌లోని బచేలి, కిరందుల్ ఇనుప గనుల ఊళ్లలో స్థిరపడిన మన తెలుగు ఇళ్లలో ఫిబ్రవరి వస్తే బోర్డు పరీక్షల గాభరా మొదలవుతుంది. పిల్లవాడు పుస్తకం ముందు బిగుసుకుపోయి కూర్చుంటే, "చదువుతున్నావా లేదా?" అని గద్దించే ముందు ఒకసారి వాడి చెయ్యి పట్టుకోండి. గది వెచ్చగానే ఉన్నా వేళ్లు చల్లగా తగిలితే, వాడు భయపడుతున్నాడేమో ఆలోచించండి.

భయం వేసినప్పుడు, మన అదుపులో లేకుండా నడిచే నాడీవ్యవస్థ గుండె వేగం పెంచి, చర్మంలోని సన్నని రక్తనాళాలను బిగిస్తుంది. వేడిని బయటికి వదిలే నాళాలు వేళ్లలోనూ ముక్కు కొసలోనూ దట్టంగా ఉంటాయి కాబట్టి ముందు అవే చల్లబడతాయి. ఒంటి లోపల 37 డిగ్రీలు అలాగే ఉంటుంది. వేళ్లు మాత్రం కొద్ది నిమిషాల్లోనే కొన్ని డిగ్రీలు దిగిపోగలవు. మనసు కుదుటపడితే మళ్లీ వెచ్చబడతాయి. 1970లో అమెరికాలోని మెనింజర్ ఫౌండేషన్‌లో యోగి స్వామి రామ సాధనతో ఒకే అరచేతిలో రెండు చోట్ల వేర్వేరు ఉష్ణోగ్రతలు తెప్పించి చూపారు. చేతులు వెచ్చబరచుకోవడాన్ని అక్కడి పరిశోధకులు పార్శ్వపు నొప్పి రోగులకూ నేర్పారు.

మీ బిడ్డకు అంత సాధన అక్కర్లేదు. వాడి చేతిని మీ అరచేతుల్లో ఉంచుకుని, ఊపిరి నిదానంగా వదలమనండి. ఆ కాసేపు మార్కుల ఊసెత్తకండి.

చెయ్యి పట్టి చూడటాన్ని అబద్ధం పట్టే పరికరంగా మాత్రం వాడకండి. తప్పు చేసిన పిల్లవాడికీ, చెయ్యకుండానే తిట్లు తింటున్న పిల్లవాడికీ వేళ్లు ఒకేలా చల్లబడతాయి. చాలాసార్లు ఆ చలికి కారణం మన గొంతే.

బస్తర్‌లో ఉండేవాళ్లు ఇంకో సంగతి మరవకూడదు. మలేరియా వణుకు మొదలైనప్పుడు కూడా చేతులూ కాళ్లూ చల్లబడతాయి, లోపల జ్వరం పెరుగుతూనే ఉంటుంది. 2020లో మొదలైన మలేరియా ముక్త్ బస్తర్ కార్యక్రమంలో జ్వరం లేనివాళ్లకూ ఇంటింటా రక్తపరీక్షలు చేశారంటే, ఇక్కడ ఆ జబ్బు ఎంతగా దాక్కుని ఉంటుందో అర్థం చేసుకోండి. అందుకే బిడ్డ వణుకుతూ బడికి వెళ్లనంటే పరీక్ష భయమని తీసిపారేయకండి. ఊళ్లోని ఆరోగ్య కార్యకర్త మితానిన్‌ను పిలవండి, లేదా దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్లండి. వేలి నుంచి ఒక్క చుక్క రక్తం తీసి చేసే పరీక్షతో అరగంటలోపే తేలుతుంది. అది ఆ రోజే చేయించండి.