ఆకు పసుపుగా ఎందుకు పడింది?

అత్త పొదుపు సంఘంలో సభ్యురాలు. సంఘం వాళ్లు పచ్చళ్లు పెట్టి అమ్ముతారు. రేపు ఊళ్లో తిరునాళ్ల. అక్కడ పచ్చళ్ల దుకాణం పెట్టాలి. దుకాణానికి ఒక ఫ్లెక్సీ బ్యానర్ కావాలి.

కోడలు పట్నంలో ఫ్లెక్సీలు వేసే షాపులో పని చేస్తుంది. బ్యానర్ అక్కడే వేయించారు. పొడవు 6 అడుగులు, వెడల్పు 3 అడుగులు. దాన్ని తెచ్చుకుందామని మధ్యాహ్నం అత్త షాపుకి వెళ్లింది.

బ్యానర్ విప్పారు. అత్త వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివింది. “గోంగూర పచ్చడి” దగ్గర ఆగిపోయింది.

“అమ్మాయ్, నల్ల అక్షరాల మీద అడ్డంగా ఈ తెల్లగీతలేంటే? ఆకు చూడు. పచ్చగా లేదు. పండుటాకులా పసుపుగా ఉంది. ఇది చూస్తే మన పచ్చడి ఎవరు కొంటారు?”

యజమాని వచ్చి చూశాడు. ఆయనకి కోపం వచ్చింది.

“18 చదరపు అడుగుల ఫ్లెక్సీ పాడు చేశావు. ఈ ఖర్చు నీ జీతంలో పట్టుకుంటాను” అన్నాడు.

కోడలికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అయినా తమాయించుకుంది.

“సార్, ముందు లోపం ఎక్కడుందో చూస్తాను. తర్వాత మీ ఇష్టం” అంది.

మిషను ఎలా పని చేస్తుంది?

“ఇంత పెద్ద బొమ్మ ఎలా వేస్తుందే ఇది?” అని అత్త అడిగింది.

కోడలు చెప్పింది: “ఇందులో నాలుగు సిరాలు ఉంటాయి అత్తయ్యా. లేత నీలం, ముదురు గులాబి, పసుపు, నలుపు. రంగులన్నీ ఈ నాలుగింటితోనే వస్తాయి. నీలం, పసుపు కలిస్తే ఆకుపచ్చ. గులాబి, పసుపు కలిస్తే ఎరుపు.

అటూ ఇటూ తిరిగేది హెడ్డు. దాని అడుగున వెంట్రుక కన్నా సన్నని రంధ్రాలు వందల కొద్దీ ఉంటాయి. వాటిని నాజిల్ అంటారు. వాటిలోంచి సిరా చుక్కలు పడతాయి. పని లేనప్పుడు హెడ్డు ఓ చివరన మూత మీద కూర్చోవాలి. మూత లేకపోతే సిరా ఆరిపోతుంది. నాజిల్ మూసుకుపోతుంది.”

“అంటే నీలం సిరా రాలేదన్న మాట. అందుకే ఆకు పసుపుగా పడింది” అంది అత్త.

“సరిగ్గా చెప్పారు అత్తయ్యా!”

కోడలు ఏం చేసింది?

ముందు నాజిల్ పరీక్ష కొట్టింది. చిన్న ముక్క మీద ఒక్కో రంగుకీ సన్నని గీతలు వరుసగా పడ్డాయి. పసుపు, గులాబి గీతలు అన్నీ ఉన్నాయి. నలుపులో మూడు గీతలు లేవు. నీలంలో సగానికి పైగా లేవు.

మిషనులోని శుభ్రం చేసే బటను నొక్కింది. మళ్లీ పరీక్ష కొట్టింది. నలుపు బాగుపడింది. నీలం ఇంకా బాగుపడలేదు. రెండోసారి శుభ్రం చేసింది. ఈసారి గీతలన్నీ వచ్చాయి.

తర్వాత ఒక అడుగు ముక్క మీద ఆకు బొమ్మ ఒక్కటే వేసి చూసింది. ఆకు పచ్చగా పడింది. అప్పుడు బ్యానరంతా వేసింది.

“ఇది ఎందుకు జరిగింది?” అని యజమాని అడిగాడు.

కోడలు తన నోటుబుక్కు తెచ్చి చూపించింది. అందులో ఇలా రాసి ఉంది: “నిన్న సాయంత్రం 6 గంటలకు కరెంటు పోయింది. హెడ్డు మధ్యలో ఆగింది. రాత్రి కరెంటు రాలేదు.”

“హెడ్డు మూత లేకుండా తెల్లవార్లూ ఉండిపోయింది సార్. పొద్దున పరీక్ష కొట్టకుండా పని మొదలుపెట్టాను. అది మాత్రం నా తప్పే” అంది.

యజమాని ఆ పేజీ రెండుసార్లు చదివాడు. జీతం మాట మళ్లీ ఎత్తలేదు. నోటుబుక్కుకి దారం కట్టి మిషను పక్కన వేలాడదీశాడు.

గుర్తుంచుకోండి

1. అడ్డంగా తెల్లగీతలు పడితే ముందు నాజిల్ పరీక్ష కొట్టాలి.
2. నాజిల్స్ అన్నీ బాగున్నా గీతలు పడుతుంటే, ఫ్లెక్సీ జరిగే కొలత తప్పిందేమో చూడాలి. ఎక్కువ జరిగితే తెల్లగీత పడుతుంది. తక్కువ జరిగితే ముదురు గీత పడుతుంది.
3. అక్షరాలు జంటగా, నీడలా కనిపిస్తే హెడ్డు వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు పడే చుక్కలు కలవడం లేదని అర్థం. ఆ సర్దుబాటు చేయాలి.
4. సిరా మరకలు అంటితే ఫ్లెక్సీ ముడతలు పడి హెడ్డుకి తగులుతోందేమో చూడాలి.
5. ఫోనులో వచ్చిన చిన్న ఫొటోని పెద్దగా వేస్తే మసకగా వస్తుంది. అది మిషను తప్పు కాదు. అసలు ఫొటో అడగాలి.

జాగ్రత్తలు

నాజిల్‌ని పిన్నుతో పొడవకూడదు. గుడ్డతో గట్టిగా రుద్దకూడదు. శుభ్రం చేసిన ప్రతిసారీ సిరా ఖర్చవుతుంది. రెండు మూడు సార్లు చేసినా బాగుపడకపోతే మెకానిక్కుని పిలవాలి. కరెంటు పోతే హెడ్డుని మూత మీదికి ఎలా చేర్చాలో ఆయన దగ్గర ముందే నేర్చుకోవాలి.

ఫ్లెక్సీ సిరా వాసన ఒంటికి మంచిది కాదు. కిటికీలు తీసి ఉంచాలి. చేతులకు తొడుగులు వేసుకోవాలి. సిరా దగ్గరికి నిప్పు తేకూడదు. పాత ఫ్లెక్సీలను కాల్చకూడదు. ఆ పొగ విషం.

లెక్క చేయండి

చదరపు అడుగుకి 12 రూపాయలు ఖర్చు అనుకుందాం.
బ్యానర్ 6 × 3 = 18 చదరపు అడుగులు.
బ్యానరంతా పాడైతే నష్టం 18 × 12 = 216 రూపాయలు.
ముందే ఒక్క చదరపు అడుగు ముక్క మీద వేసి చూస్తే ఖర్చు 12 రూపాయలు.
ఎంత మిగులుతుంది?

జవాబులు చెప్పండి

1. ఆకు పసుపుగా ఎందుకు పడింది?
2. ఎర్ర మిరపకాయ బొమ్మ పసుపుగా పడితే ఏ సిరా రాలేదని అర్థం?
3. కోడలి జీతాన్ని కాపాడింది ఏమిటి?
4. మీరు చేసే పనిలో రోజూ రాసి పెట్టుకోవలసిన విషయాలు ఏమిటి? మూడు వాక్యాలు రాయండి.